యంత్రం చెప్పిన మాట కంట్రోలర్‌కూ తెలియాలి: ఐసీఏఓ మండలికి బహిరంగ లేఖ

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐసీఏఓ) మండలి అధ్యక్షులకు, సభ్య దేశాల ప్రతినిధులకు నమస్కారం.

2004 మే నెలలో జర్మనీ విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ బీఎఫ్‌యూ, 2002లో రెండు విమానాలు గాలిలో ఢీకొన్న ఉబర్లింగెన్ ప్రమాదం మీద తుది నివేదిక ఇచ్చింది. మీ సంస్థకు చేసిన సిఫార్సుల్లో ఒకటి చదవడానికి చాలా చిన్నది. ఎదురు విమానంతో ఢీకొనకుండా కాపాడే టీకాస్ పరికరం పైలట్‌ను పైకి వెళ్లమనో, కిందికి దిగమనో ఆదేశించినప్పుడు ఆ సంగతి నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్‌కు కూడా చేరే ఏర్పాటుకు పూనుకోండి అని దాని సారాంశం. ఇరవై ఏళ్లు దాటిపోయాయి. కొన్ని దేశాలు ఎవరి మటుకు వారు ఆ పని చేసుకున్నాయి. మీరు మాత్రం దాన్ని అందరూ పాటించి తీరాల్సిన ప్రమాణంగా ఇంతవరకు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడగడానికే ఈ లేఖ.

నేను పైలట్‌ను కాను, కంట్రోలర్‌నూ కాను. టికెట్ కొనుక్కుని, బెల్టు పెట్టుకుని, ముందు కూర్చున్న ఇద్దరి మీదా కింద ఎక్కడో తెర ముందు కూర్చున్న మరొకరి మీదా భారం వేసి కళ్లు మూసుకునే ప్రయాణికుణ్ణి. ప్రమాద నివేదికలు చదవడం మాత్రం చాలా ఏళ్లుగా అలవాటు. వాటిలో నేను మళ్లీ మళ్లీ తిప్పే పేజీలు ఇంజిన్ల గురించినవి కావు, రెక్కల గురించినవీ కావు. సెకన్ల లెక్కన ఎవరు ఎవరితో ఏమన్నారో రాసిన పేజీలు. అక్కడ చెడ్డవాళ్లెవరూ కనపడరు. అందరూ తమ పని తాము చేస్తూనే ఉంటారు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు, అంతే.

2002 జులై 1 రాత్రి కాన్‌స్టెన్స్ సరస్సు పక్కనున్న ఉబర్లింగెన్ మీదుగా రెండు విమానాలు ఒకే ఎత్తున, 36,000 అడుగుల మీద, ఒకదాని దారికి అడ్డంగా ఇంకొకటి వస్తున్నాయి. ఒకటి బష్కీరియన్ ఎయిర్‌లైన్స్ టుపోలెవ్-154. అందులో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఉఫా నగరం నుంచి సెలవులకు బయల్దేరిన పిల్లలు. రెండోది డీహెచ్‌ఎల్ వారి బోయింగ్ 757 సరుకు విమానం, అందులో ఇద్దరే పైలట్లు. కింద నేల జర్మనీదే అయినా, ఆ ఆకాశం బాధ్యత జ్యూరిక్ కేంద్రానిది. జ్యూరిక్‌లో ఆ సమయానికి పనిలో ఉన్నది ఒకే ఒక కంట్రోలర్. రెండో మనిషి విశ్రాంతికి వెళ్లాడు. ఆ ఒక్కడే రెండు తెరలు, రెండు ఫ్రీక్వెన్సీలు చూసుకుంటున్నాడు. ఆలస్యంగా వచ్చిన ఒక ఎయిర్‌బస్‌ను ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో దించే పని కూడా అతని నెత్తి మీదే పడింది. మరమ్మతుల కోసం ప్రధాన ఫోన్ వ్యవస్థను ఆపేశారు, ప్రత్యామ్నాయ లైను పనిచేయలేదు. పక్కనే ఉన్న కార్ల్స్‌రూ కేంద్రంలోని కంట్రోలర్‌కు తన తెర మీద ఈ రెండు విమానాలూ దగ్గరవడం కనిపించింది. జ్యూరిక్‌కు పదేపదే ఫోన్ చేశాడు. కలవలేదు.

ఇక్కడి నుంచి గడియారం చూడాలి. అంతర్జాతీయ సమయం ప్రకారం 21 గంటల 34 నిమిషాల 49వ సెకనుకు కంట్రోలర్ ప్రమాదాన్ని గుర్తించి, టుపోలెవ్‌ను వెంటనే కిందికి దిగమన్నాడు. పైలట్లు దిగడం మొదలుపెట్టారు. ఏడు సెకన్ల తర్వాత, 56వ సెకనుకు, టుపోలెవ్‌లోని టీకాస్ 'క్లైంబ్, క్లైంబ్' అంది. సరిగ్గా అప్పుడే బోయింగ్‌లోని టీకాస్ 'డిసెండ్' అంది. టుపోలెవ్ కాక్‌పిట్‌లో కోపైలట్ 'పైకి వెళ్లమంటోంది' అన్నాడు. 'మనల్ని కిందికి దించుతున్నారు' అని అతనికి జవాబు వచ్చింది. ఆదేశానికి రేడియోలో బదులు రాకపోయేసరికి కంట్రోలర్ 35వ నిమిషం 3వ సెకనుకు మళ్లీ, ఇంకా వేగంగా దిగమన్నాడు. ఎదురు విమానం ఏ వైపు ఉందో కూడా తప్పు చెప్పాడు. బోయింగ్ తన టీకాస్ మాట విని దిగుతోంది. టుపోలెవ్ మనిషి మాట విని దిగుతోంది. చివరి సెకన్లలో బోయింగ్ పైలట్లు తాము టీకాస్ ప్రకారం దిగుతున్నామని రేడియోలో చెప్పారు. అప్పటికే కంట్రోలర్ రెండో తెర దగ్గర ఎయిర్‌బస్‌తో మాట్లాడుతున్నాడు. 35వ నిమిషం 32వ సెకనుకు రెండు విమానాలూ ఢీకొన్నాయి. 71 మంది చనిపోయారు.

యంత్రం ఆదేశానికీ ఢీకొనడానికీ మధ్య 36 సెకన్లు. ఆ 36 సెకన్లలో ఒక్క సెకను కూడా కంట్రోలర్‌కు ఆ యంత్రం నోరు తెరిచిందని తెలియదు.

టీకాస్ ఎంత గొప్ప పరికరమో నాకు తెలుసు. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒక విమానం 1030 మెగాహెర్ట్‌జ్ మీద 'ఎవరున్నారక్కడ' అని అడుగుతుంది. చుట్టుపక్కల విమానాల ట్రాన్స్‌పాండర్లు, అంటే అడిగితే బదులిచ్చే రేడియో పరికరాలు, 1090 మీద తమ ఎత్తుతో సహా బదులిస్తాయి. దూరాన్ని బట్టి కాదు, ఢీకొనడానికి మిగిలిన సమయాన్ని బట్టి అది లెక్క కడుతుంది. ముందు 'ట్రాఫిక్, ట్రాఫిక్' అని హెచ్చరిస్తుంది. ఇంకా దగ్గరైతే రిజల్యూషన్ అడ్వైజరీ, అంటే ఆర్‌ఏ, ఇస్తుంది. ఆ ఆదేశం ఇచ్చే ముందు రెండు విమానాల పరికరాలూ తమలో తాము మాట్లాడుకుని నువ్వు పైకి, నేను కిందికి అని పంచుకుంటాయి. నేల మీది రాడార్‌తో గానీ, కంట్రోలర్‌తో గానీ వాటికి పని లేదు. పైలట్ ఐదు సెకన్లలోపు స్పందిస్తాడన్న నమ్మకం మీద ఆ లెక్క అంతా నడుస్తుంది. మిగతా కాపలాలన్నీ తప్పిన తర్వాత కూడా ప్రాణం కాపాడేలా దాన్ని కట్టారు. కంట్రోలర్ తప్పు చేసినా పనిచేయాలంటే కంట్రోలర్‌తో సంబంధం లేకుండా ఉండాలి. అంతవరకు న్యాయమే. అయితే స్వతంత్రంగా పనిచేయడం వేరు, ఏం చేసిందో దాచిపెట్టడం వేరు. టీకాస్ నిర్ణయంలో కంట్రోలర్ వేలు పెట్టనక్కర్లేదు. నిర్ణయం జరిగిందన్న కబురు అందితే చాలు.

ఉబర్లింగెన్‌కు ముందే ఆకాశం ఒకసారి హెచ్చరించింది. 2001 జనవరి 31న జపాన్‌లో యైజు పట్టణం దగ్గర, సురుగ అఖాతం మీద, జపాన్ ఎయిర్‌లైన్స్‌వే రెండు పెద్ద విమానాలు ఎదురుపడ్డాయి. 907 నంబరు బోయింగ్ 747, 958 నంబరు డీసీ-10. రెండింటిలో కలిపి 677 మంది. శిక్షణలో ఉన్న కంట్రోలర్ 958ని దించాలనుకుని నోటితో 907 అన్నాడు. 907 పైలట్లు తమ నంబరు స్పష్టంగా చెప్పి, దిగుతున్నామని బదులిచ్చారు. అనుకున్న విమానం కాక వేరేది బదులిచ్చిందని శిక్షణార్థీ గమనించలేదు, పక్కనున్న పర్యవేక్షకురాలూ గమనించలేదు. అప్పుడే టీకాస్ 907ను ఎక్కమంది, 958ను దిగమంది. 907 కెప్టెన్ కంట్రోలర్ మాటకే కట్టుబడి దిగసాగాడు. రెండూ దిగుతున్నాయి. పర్యవేక్షకురాలు కలగజేసుకుని 958ను దించబోయింది కానీ, ఆమె పిలిచింది 957ను. ఆ పేరుతో అక్కడ విమానమే లేదు. చివరికి 907 కెప్టెన్ కంటితో చూసి ముక్కును ఒక్కసారిగా కిందికి వంచడంతో, సుమారు 135 మీటర్ల దూరంలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఆ కుదుపుకు వందమంది గాయపడ్డారు.

ఈ ఘటనకూ ఉబర్లింగెన్‌కూ మధ్య పదిహేడు నెలలు. పైలట్‌కు రెండు ఆజ్ఞలు వస్తే దేన్ని పాటించాలో ఆ పదిహేడు నెలల్లో ప్రపంచానికంతటికీ ఒకే మాటగా ఎవరూ చెప్పలేదు. టీకాస్ మీద మీరు ప్రచురించిన నియమాలు, వాటిని చూసి దేశాలూ సంస్థలూ రాసుకున్నవీ అసంపూర్ణంగా, ఒకదానితో ఒకటి పొసగకుండా ఉన్నాయని బీఎఫ్‌యూ తన నివేదికలో ఎత్తిచూపింది. ఆ మాట మీకు కొత్త కాదు. 2003 నవంబరులో మీరు నియమాలు సవరించారు. ఆర్‌ఏ వస్తే పైలట్ దాన్నే పాటించాలి, కంట్రోలర్ మాట దానికి విరుద్ధంగా ఉన్నా సరే. ఆ సవరణ ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో లెక్క కట్టలేం. అందుకు కృతజ్ఞతలు చెప్పకుండా ముందుకు వెళ్లడం సరికాదు.

అయితే అది పైలట్ వైపు సగం. కంట్రోలర్ వైపు సగం ఎలా ఉందో మీ పుస్తకంలోనే చూడండి. పైలట్ ఆర్‌ఏ వచ్చిందని చెప్పినప్పుడు కంట్రోలర్ ఆ విమానం దారి మార్చే ప్రయత్నం చేయకూడదు, 'క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్', అంటే ముప్పు తప్పింది, అనే మాట వినేదాకా ఆగాలి. నియమం బాగుంది. దాని ప్రాణమంతా 'పైలట్ చెప్పినప్పుడు' అన్న రెండు మాటల్లో ఉంది. చెప్పకపోతే? చెప్పినా వినపడకపోతే? ఆర్‌ఏ వచ్చిన క్షణాన పైలట్ చేయాల్సిన మొదటి పని విమానాన్ని తిప్పడం, మాట్లాడటం కాదు. శిక్షణలో కూడా అదే క్రమం నేర్పుతారు, అదే సరైన క్రమం. కాబట్టి కంట్రోలర్‌కు కబురు అందడం ఎప్పుడూ ఆలస్యమే. ఆ లోపల అతను తన బాధ్యతగా భావించి, ఆందోళనతో, ఇంకో ఆదేశం ఇస్తాడు. ఉబర్లింగెన్‌లో 35వ నిమిషం 3వ సెకనుకు ఇచ్చిన రెండో ఆదేశం అలాంటిదే. పైలట్ చెవిలో యంత్రం ఒకటంటుంది, మనిషి ఇంకొకటంటాడు. ఒకే ఒరలో రెండు కత్తులు.

పైగా ఆ కబురు ప్రయాణించే దారి ఏమిటో ఆలోచించండి. విమానాల రేడియో ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలిగేది. బటన్ నొక్కితే మాట్లాడతాం, వదిలితే వింటాం. ఇద్దరు ఒకేసారి నొక్కితే మూడోవాడికి కీచుమనే శబ్దం తప్ప ఏమీ వినపడదు, మాట్లాడిన ఇద్దరికీ తమ మాట చేరలేదని కూడా తెలియదు. 1977 మార్చి 27న టెనెరిఫే ద్వీపంలోని విమానాశ్రయంలో జరిగింది ఇదే. పొగమంచులో కేఎల్‌ఎమ్ విమానం 'ఇప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం' అన్న అర్థం వచ్చేలా ఒక మాట అంది. కంట్రోలర్ 'ఓకే' అని, ఒక క్షణం ఆగి, టేకాఫ్‌కు సిద్ధంగా ఉండండి, నేను పిలుస్తాను అన్నాడు. అదే క్షణాన పాన్ యామ్ విమానం తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని చెప్పింది. ఆ రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కేఎల్‌ఎమ్ కాక్‌పిట్‌లో స్పష్టంగా వినపడింది 'ఓకే' ఒక్కటే. రెండు విమానాలూ రన్‌వే మీదే ఢీకొన్నాయి, 583 మంది పోయారు. ఆ తర్వాత టేకాఫ్ అనే పదాన్ని అనుమతి ఇచ్చేటప్పుడు తప్ప మామూలు మాటల్లో వాడకూడదని కట్టడి చేశారు. రేడియో మాత్రం అదే.

ఆ రేడియో ఇంకా అదేనని చూపడానికి 2025 జనవరి 29 రాత్రి చాలు. వాషింగ్టన్‌లో పోటోమాక్ నది మీద ప్రయాణికుల విమానాన్ని సైనిక హెలికాప్టర్ ఢీకొంది. 67 మంది చనిపోయారు. ఆ విమానం వెనక నుంచి వెళ్లమని కంట్రోలర్ హెలికాప్టర్‌కు చెప్పినప్పుడు, అదే సమయంలో హెలికాప్టర్ మైక్ బటన్ ఒక సెకనుకన్నా తక్కువ సేపు నొక్కి ఉంది. 'వెనక నుంచి వెళ్లండి' అన్న ముక్కే వాళ్లకు వినపడి ఉండకపోవచ్చని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ చెప్పింది. రెండు వాహనాలూ వేర్వేరు ఫ్రీక్వెన్సీల మీద ఉండటంతో ఒకరి మాట ఇంకొకరు వినే అవకాశం కూడా లేదు. నేలకు అంత దగ్గరలో టీకాస్ ఆర్‌ఏ ఇవ్వదు, 'ట్రాఫిక్' అని హెచ్చరించి ఊరుకుంటుంది. అంటే అక్కడ చివరి కాపలాదారు కూడా లేడు, ఉన్నది మాట ఒక్కటే. ఆ మాటలో ఒక ముక్క ఎగిరిపోయింది.

ఈ రేడియో మీదే ఆర్‌ఏ కబురు కూడా చేరాలని మనం ఇంకా కూర్చున్నాం. విమానంలోని ట్రాన్స్‌పాండర్ ఆర్‌ఏ సమాచారాన్ని మోడ్-ఎస్ అనే రకం నేల రాడార్‌కు ఇప్పటికే పంపగలదు. విమానం తానున్న చోటును తానే చెప్పుకునే ఏడీఎస్-బీ ప్రసారాల్లోనూ పంపే వీలుంది. మనిషి నోరు విప్పకముందే ఆ ముక్క నేలకు దిగి ఉంటుంది. చాలాచోట్ల అది కంప్యూటర్ల దాకా వచ్చి, కంట్రోలర్ తెర గుమ్మం దగ్గర ఆగిపోతోంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

అభ్యంతరాలు నాకు తెలుసు. కంట్రోలర్ల నుంచి వచ్చేవి కొన్ని నిజంగా బరువైనవి కూడా.

సమాచారం ఆలస్యంగా వస్తుందంటారు. నిజమే. తిరిగే రాడార్ ఒక చుట్టు పూర్తి చేయడానికి నాలుగైదు సెకన్ల నుంచి పన్నెండు సెకన్ల దాకా పడుతుంది. ఉబర్లింగెన్‌లో అలాంటి ఏర్పాటు ఉన్నా, ఏడు సెకన్లకే వచ్చిన ఆ రెండో ఆదేశం ఆగేదని నేను వాదించను. కానీ పన్నెండు సెకన్లు పోయినా ఇంకా ఇరవై నాలుగు మిగిలేవి. ఇప్పటి పద్ధతిలో పైలట్ చెప్పేదాకా ఆగడం కూడా ఆలస్యమే కదా. పోల్చాల్సింది తక్షణ సమాచారంతో కాదు, చేరుతుందో లేదో తెలియని సమాచారంతో.

ఆర్‌ఏ వచ్చినంత మాత్రాన పైలట్ దాన్ని పాటిస్తున్నాడని లేదు, కంట్రోలర్ తప్పుగా ఊహించుకుంటాడు అంటారు. దానికి జవాబు శిక్షణలో ఉంది. ఆ గుర్తు కంట్రోలర్‌కు ఇచ్చే సందేశం ఒక్కటే: ఈ రెండింటికీ ఎత్తు గురించి ఇప్పుడు ఏమీ చెప్పకు, చుట్టుపక్కల మిగతా వాటిని తప్పించు. కొత్త పని కాదు, ఒక పని ఆపడం. గాబరాలో ఉన్న మనిషికి మౌనంగా ఉండమని చెప్పడం చాలా కష్టం. నిర్దిష్టమైన గుర్తు కళ్ల ముందు ఉంటేనే అది సాధ్యం.

మూడోది బాధ్యత. తెర మీద కనిపించినా ఎందుకు ఊరుకున్నావు, లేదా ఎందుకు మాట్లాడావు అని రేపు కోర్టు అడిగితే? ఈ భయం ఊహ కాదు. జపాన్ ఘటనలో ఎవరూ చనిపోకపోయినా ఆ ఇద్దరు కంట్రోలర్లను విచారించారు. కింది కోర్టు నిర్దోషులంది, పై కోర్టు దోషులంది, 2010లో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. 1976 సెప్టెంబరులో జాగ్రెబ్ మీద బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఇనెక్స్-అడ్రియా విమానాలు ఢీకొని 176 మంది చనిపోతే, భరించలేని పని భారంతో ఆ రోజు కూర్చున్న ఒక కంట్రోలర్‌కు ఏడేళ్ల జైలు పడింది. ప్రపంచంలోని కంట్రోలర్లు గొంతెత్తితే ముందుగా బయటికి వచ్చాడు. ఉబర్లింగెన్ కంట్రోలర్ కథ ఇంకా ఘోరం. 2004 ఫిబ్రవరిలో, ఆ ప్రమాదంలో భార్యాబిడ్డలను పోగొట్టుకున్న ఒక తండ్రి అతన్ని ఇంటి గుమ్మంలోనే పొడిచి చంపాడు. ఆ తండ్రి దుఃఖాన్ని తూచడానికి నా దగ్గర తక్కెడ లేదు. కానీ ఒక్క మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన ఏర్పాటుకు బాధ్యులెవరన్నది 2007లో స్విస్ కోర్టు నలుగురు మేనేజర్లను దోషులుగా తేల్చినప్పుడు గానీ బయటికి రాలేదు. అప్పటికి ఆ కంట్రోలర్ లేడు. కాబట్టి బాధ్యత అనే అభ్యంతరానికి జవాబు సమాచారం ఆపడం కాదు. ఆర్‌ఏ తెర మీద కనిపించిన క్షణం నుంచి ఆ రెండు విమానాల మధ్య దూరానికి కంట్రోలర్ బాధ్యుడు కాడని మీరే స్పష్టంగా రాయండి. పైలట్ చెప్పిన క్షణానికి ఇప్పటికే అలా రాసి ఉంది. ఆ వాక్యంలో ఇంకో నాలుగు పదాలు చేర్చాలి.

నాలుగో అభ్యంతరం ఎవరూ పైకి అనకపోయినా నేనే చెబుతాను. తెర మీద గుర్తు వెలిగినా, జ్యూరిక్‌లో ఆ రాత్రి దాన్ని చూడటానికి మనిషి లేడు. ఉన్న ఒక్కడూ పక్క తెర దగ్గర ఉన్నాడు. తెర మీద రంగుతో హెచ్చరించాల్సిన ఏర్పాటును పనుల కోసం ఆపేశారు. శబ్దం చేసే హెచ్చరికను ఎవరూ విన్నట్టు లేదు. అందుకే ఆర్‌ఏ గుర్తుతో పాటే, ట్రాఫిక్ తక్కువగా ఉన్నా సరే, ఒక్క మనిషినే వదిలేసి రెండోవాడు లేచి వెళ్లే పద్ధతి ఉండకూడదని కూడా ప్రమాణంలో రాయాలని అడుగుతున్నాను. ఒకటి లేకుండా రెండోది అలంకారమే అవుతుంది.

మాటల గురించి ఇంకొంచెం. రీడ్‌బ్యాక్ అనే పద్ధతి మీద మనకు చాలా నమ్మకం. కంట్రోలర్ చెప్పింది పైలట్ తిరిగి చెబుతాడు, కంట్రోలర్ అది విని సరిచూస్తాడు. మొదటి సగం దాదాపు ఎప్పుడూ జరుగుతుంది. రెండో సగం, హియర్‌బ్యాక్, చెవి కన్నా మనసు మీద ఆధారపడింది. మనసు తాను అనుకున్నదే వింటుంది. 1989 ఫిబ్రవరిలో కౌలాలంపూర్ దగ్గర ఫ్లయింగ్ టైగర్ 66 సరుకు విమానానికి 'డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో' అన్నారు, అంటే 2,400 అడుగులకు దిగమని. ఆ 'టూ' అంకె కాస్తా పైలట్ల చెవిలో 'వరకు' అనే మాటైంది. 'ఓకే, ఫోర్ జీరో జీరో' అని బదులిచ్చారు. 400 అడుగులకు దిగుతున్నామని వాళ్లు చెప్పినా కంట్రోలర్ సరిదిద్దలేదు. విమానం కొండను తాకింది, నలుగురూ చనిపోయారు. పన్నెండేళ్ల తర్వాత జపాన్‌లో 907 ఇచ్చిన రీడ్‌బ్యాక్‌నూ ఇద్దరు మనుషులు విని పట్టుకోలేకపోయారు.

ఇంతకన్నా లోతైన సంగతి 2024 జనవరి 2న హనేదా విమానాశ్రయంలో బయటపడింది. తీరరక్షక దళం విమానానికి కంట్రోలర్ 'నంబర్ వన్' అని, హోల్డింగ్ పాయింట్ దాకా, అంటే రన్‌వేకు ముందు ఆగాల్సిన చోటు దాకా, రమ్మన్నాడు. బయల్దేరే వరుసలో మొదటిది అని దాని అర్థం. వాళ్లు అదే మాటను తప్పు లేకుండా తిరిగి చెప్పారు కూడా. కానీ రన్‌వే మీదికి వెళ్లడానికి అనుమతి వచ్చిందని కెప్టెన్ మనసులో పడింది. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ350 వచ్చి ఆ విమానాన్ని ఢీకొంది. తీరరక్షక విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. ఏ350 మంటల్లో ఉండగా అందులోని 379 మంది బయటపడ్డారు. రీడ్‌బ్యాక్ పదాలను సరిచూస్తుంది, అర్థాన్ని సరిచూడదు. పదం సరిగ్గా తిరిగి వచ్చినా అర్థం తప్పిపోగలదని తేలాక, చెప్పినవాడి దగ్గర ఇంకో కన్ను ఉండాలని ఒప్పుకోక తప్పదు. రన్‌వే మీద ఆ కన్ను నేల రాడార్, రన్‌వే ముందు ఆగమని వెలిగే స్టాప్ బార్ దీపాలు. పైన ఆకాశంలో ఆ కన్ను ఆర్‌ఏ గుర్తు.

కన్ను లేకపోతే ఏమవుతుందో 1996 నవంబరు 12న హర్యానాలోని చర్కీ దాద్రీ చూపించింది. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ బోయింగ్ 747ను 14,000 అడుగుల దగ్గర, దిగుతున్న కజకిస్తాన్ ఇల్యూషిన్‌ను 15,000 దగ్గర ఉండమన్నారు. ఇల్యూషిన్‌లో రేడియోలో మాట్లాడేది ఒకరు, విమానం నడిపేది ఇంకొకరు. మాట సరిగ్గానే వెళ్లింది, విమానం మాత్రం ఆ ఎత్తు దాటి కిందికి వచ్చేసింది. కంట్రోలర్ దగ్గరున్న రాడార్ ఎత్తు చూపించేది కాదు. రెండు విమానాల్లోనూ టీకాస్ లేదు. రెండూ ఢీకొని 349 మంది చనిపోయారు. గాలిలో జరిగిన ఢీకొనడాల్లో అంతకన్నా పెద్దది ఇంతవరకు లేదు. ఆ తర్వాత అక్కడ ఎత్తు చూపే రాడార్ వచ్చింది, టీకాస్ తప్పనిసరైంది. తీసుకున్న నిర్ణయాలన్నీ ఒక్క దిక్కునే ఉన్నాయి చూడండి: తెలియనివాడికి తెలిసేలా చేయడం.

ఇది అసాధ్యమైన కోరిక కాదని మీ పరిశ్రమే నిరూపించింది. టీకాస్ పాత వెర్షన్‌లో 'అడ్జస్ట్ వర్టికల్ స్పీడ్' అనే ఆదేశం ఉండేది. వేగం తగ్గించమని దాని ఉద్దేశం. కొందరు పైలట్లు దాన్ని అపార్థం చేసుకుని ఉల్టాగా, ఎదురు విమానం వైపే తిప్పారు. పైలట్లకు ఇంకా శిక్షణ ఇవ్వండి అని అక్కడితో వదిలేయలేదు. 7.1 వెర్షన్‌లో ఆ పదాలనే తీసేసి 'లెవెల్ ఆఫ్' అని పెట్టారు. వినేవాడు తప్పుగా వింటున్నాడంటే చెప్పే పద్ధతే మార్చాలన్న వినయం అందులో ఉంది. అది చదివినప్పుడు నాకు ఈ వ్యవస్థ మీద గౌరవం పెరిగింది. ఆ వినయాన్నే కంట్రోలర్ విషయంలోనూ చూపమంటున్నాను.

టీకాస్ తర్వాతి తరం, ఏకాస్-ఎక్స్, ఇప్పుడు వస్తోంది. కొత్త పరికరాలు, కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త ధ్రువపత్రాలు ఎలాగూ తప్పవు. నేల మీది వ్యవస్థలను కూడా దేశాలు మార్చుకుంటున్నాయి. ఆర్‌ఏ గుర్తును తెర మీదికి తేవడానికి ఇంతకన్నా వీలైన కాలం మళ్లీ రాదు. ఇప్పుడు వదిలేస్తే ఇంకో తరం పరికరాలు పాతబడేదాకా ఆగాలి.

కంట్రోలర్ల సంఘాలను, పైలట్ల సంఘాలను ఒకే గదిలో కూర్చోబెట్టి ఆ గుర్తు ఎలా ఉండాలో, శబ్దం ఉండాలో వద్దో, ఎన్ని సెకన్లు నిలవాలో తేల్చమనండి. పైలట్లు, కంట్రోలర్లు కలిసి ఒకే సిమ్యులేటర్‌లో ఆర్‌ఏ సన్నివేశాన్ని ఆడి చూడాలి. ఇద్దరూ ఎప్పుడూ గొంతులుగానే ఒకరికొకరు తెలుసు. ఎదుటి కాక్‌పిట్‌లో ఆ పది సెకన్లు ఎలా గడుస్తాయో చూసిన కంట్రోలర్, బదులు రాలేదని రెండోసారి ఆదేశం ఇచ్చే ముందు ఒక్క క్షణం ఆగుతాడని నా నమ్మకం.

మండలిలో 36 దేశాలున్నాయి, సంస్థలో 193. అందరినీ ఒప్పించడం ఎంత నెమ్మదైన పనో ఊహించగలను. కానీ 2003లో పైలట్ వైపు నియమాన్ని ఉబర్లింగెన్ తర్వాత పదహారు నెలల్లో మార్చగలిగారు. అదే ప్రమాదం మీద వచ్చిన ఈ రెండో సిఫార్సును వచ్చే మహాసభ ఎజెండాలో పెట్టండి. తప్పనిసరి ప్రమాణం చేస్తారా, చేస్తే ఏ తేదీ నుంచి, చేయకపోతే ఏ కారణం వల్ల అన్నది బహిరంగంగా, రాతపూర్వకంగా చెప్పండి. ఉఫాలో పిల్లల సమాధుల దగ్గరికి ఇప్పటికీ వెళ్లే తల్లిదండ్రులు ఆ జవాబును చదవగలగాలి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఒక ప్రయాణికుడు